నూట పన్నెండు పేర్ల గోడ

ఆ ఆఫీసులో అందరికన్నా పెద్దవాడి పేరు చిన్నోడు.

అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అక్కడ ఎవరూ అసలు పేర్లతో పిలుచుకోరు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఒక పేరు పెడతారు. అందరూ ఫోన్లలో ఓట్లు వేసి తేలుస్తారు. ఏసీ చలికి భుజాల మీద దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు దుప్పటి. ప్రతి మాటకీ ముందొక సారీ, వెనకొక సారీ తగిలించే అమ్మాయి సారీ. ఉద్యోగుల మంచీచెడూ చూసే ఆవిడ చిరునవ్వు. కంపెనీ పెట్టినవాడు, అందరినీ పనిలోకి తీసుకునేవాడు, తనకి తానే చిన్నోడని పెట్టుకున్నాడు. సార్లూ గార్లూ అక్కడ చెల్లవు. "ఇది ఆఫీసు కాదు, ఇల్లు," అని చిన్నోడు రోజుకి ఒకసారైనా అంటాడు.

పెయింటర్‌కి ఇదంతా ఆ ఇంట్లో పనికి వెళ్ళాక తెలిసింది. ఆయన నలభై ఆరేళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. షాపుల బోర్డులు, లారీల వెనక అక్షరాలు, ఆస్పత్రి తలుపుల మీద డాక్టర్ల పేర్లు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ పని ఎండిపోయింది. ఆయనకి వారం పట్టే బోర్డుని మిషను టీ తాగేలోపు బయటికి కక్కేస్తుంది. గత ఆరేళ్ళలో ఆయన రాసినవి మూడు. ఒక మరుగుదొడ్డి మీద 'ఆడ', పక్క తలుపు మీద 'మగ', ఇంకో చోట 'ఇక్కడ బండ్లు ఆపరాదు'. అది రాసిన గోడ ముందే రోజూ బండ్లు ఆపుతారు.

అట్లాంటివాడికి ముప్పై అడుగుల గోడ దొరికింది. ఆఫీసులో ఉన్న నూట పన్నెండు మంది పేర్లూ చేత్తో రాయాలి. మిషను పని వద్దట. చెయ్యి కనపడాలట.

ఆ పని ఇప్పించింది మేనల్లుడు. చెల్లెలి కొడుకు. చెల్లెలు పోయాక ఆయనకి దిక్కు వాడూ, వాడి పెళ్ళామే. రెండు గదుల ఇంట్లో ముందుగదిలోని మడతమంచం ఆయనది. ఆఫీసులో మేనల్లుడి పేరు బ్యాటరీ. ఎంత పని మీద పడేసినా దిగిపోడని ఆ పేరు.

"మామయ్యా, ఒక్క మాట," అన్నాడు మేనల్లుడు పని మొదలయ్యే ముందురోజు. బూటు లేసు కట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు. "అక్కడ నిన్ను మామయ్యా అని పిలవను. ఏమీ అనుకోకు."

"ఏం?"

"బంధువుల్ని దూర్చాడంటారు. నాకు తెలిసిన పెయింటర్ ఒకాయన ఉన్నాడని చెప్పానంతే. నువ్వు కూడా నన్ను ఒరే అనకూడదు."

"మరేమనాలి?"

"బ్యాటరీ అను."

పెయింటర్ కుంచెల సంచికి ముడి వేశాడు. "అసలేమీ అనను," అన్నాడు. అది ఆయనకి కష్టం కాదు. ఇంట్లోనే రోజుకి పది మాటలు దాటవు.

మొదటిరోజు ఆయనకి కూడా ఓట్లు వేసి పేరు పెట్టారు. కుంచె. మనవరాలి వయసున్న పిల్లలు "హాయ్ కుంచె" అని భుజం తట్టి వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత గోడమీద ఏ రంగు వెయ్యాలో ఓట్లు వేశారు. ఎరుపు గెలిచింది.

"ఎరుపొద్దు," అన్నాడు పెయింటర్.

"ఎందుకు కుంచె?" అన్నాడు చిన్నోడు.

"పోదు. రేపు మార్చాలంటే పైన తెలుపు వేసినా అడుగు నుంచి తేలుతుంది. ఒక కోటుకి లొంగదు."

చిన్నోడు నవ్వి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మారుస్తామని ఎవరన్నారు? ఇంట్లోవాళ్ళ పేర్లు ఎక్కడైనా మారుస్తామా?"

అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడ చప్పట్లకి పెద్ద కారణం అక్కర్లేదు.

పొద్దున తొమ్మిదిన్నరకి అందరూ గుండ్రంగా నిలబడాలి. దాన్ని రింగు అంటారు. ఒక మెత్తని పచ్చ బంతి ఉంటుంది. ఎవరి చేతిలో బంతి ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. చెప్పాల్సినవి మూడు. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నాకు అడ్డమేంటి. చెప్పి ఇంకొకరికి బంతి విసరాలి. కుంచె కూడా ఇంట్లోవాడే కాబట్టి ఆయన్నీ నిలబెట్టారు. మొదటిసారి బంతి ఆయన గుండెకి తగిలి కింద పడింది. వంగి తీసుకున్నాడు.

"నిన్న తొమ్మిది పేర్లు. ఇవాళ తొమ్మిది. అడ్డం ఏం లేదు."

వాళ్ళకి ఆ మాటలు తెగ నచ్చాయి. రోజూ ఆయన అదే చెప్పేవాడు, రోజూ వాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరో ఆయన బొమ్మ కింద 'అడ్డం ఏం లేదు' అని రాసి గ్రూపులో పెట్టారు. అది ఫోను నుంచి ఫోనుకి ఎగిరింది. ఎవరి పని ముగిసినా ఆ బొమ్మే పంపుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక మేనల్లుడు చూపించాడు. పెయింటర్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"అక్షరాలకి మధ్య ఎడం సరిగ్గా లేదు," అన్నాడు.

ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. అది మాత్రం నిజం. కాఫీ ఇచ్చారు, ఆటల గదిలోకి రమ్మన్నారు. అక్కడ కుర్చీల బదులు కూర్చుంటే కూరుకుపోయే సంచులు ఉంటాయి. ఒకసారి కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. అదీ వీడియో అయింది. ఆ తర్వాత ఆయన మెట్ల మీద కూర్చుని తినేవాడు. వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు పక్కన నిలబడితే ఆయనకి రేడియో స్టేషన్ సరిగ్గా కుదరనట్టు ఉండేది. అప్పుడప్పుడూ ఒక మాట తగిలేది, అంతలోనే జారిపోయేది.

గోడ దగ్గర మాత్రం ఆయనకి ఎవరి అవసరమూ లేదు. సుద్ద పూసిన దారం లాగి వదిలితే గోడమీద గీత పడేది. చెయ్యి ఆనించుకునే కర్ర, నాలుగు కుంచెలు, ఎరుపు డబ్బా. పేరుకి తగ్గట్టు అక్షరం రాశాడు. దుప్పటికి లావుపాటి, గుండ్రని అక్షరాలు. సారీకి కొంచెం ముందుకి వంచాడు, గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగేవాళ్ళలాగా. చిన్నోడిని అందరితో సమానంగా రాయమన్నారు, అట్లాగే రాశాడు. బ్యాటరీని మాత్రం రెండుసార్లు సుద్దతో గీసి చెరిపి, మూడోసారి రంగు పెట్టాడు. బరువు ఎత్తుకుని నిలబడ్డవాడి కాళ్ళలా నిటారుగా వచ్చాయి అక్షరాలు. చోటు కూడా చూసి పెట్టాడు. అద్దాల తలుపుకి సరిగ్గా ఎదురుగా, కంటి ఎత్తులో.

"ఇదేం ఫాంటు కుంచె?" అని దుప్పటి అడిగాడు.

"నా చెయ్యి," అన్నాడు పెయింటర్.

మంగళవారానికి గోడమీద పేర్లన్నీ పూర్తయ్యాయి, చుట్టూ అంచు గీతలు మాత్రం మిగిలాయి. ఆ రోజే బయటి నుంచి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. కంపెనీలో పెట్టుబడి పెట్టినవాళ్ళట. గోడ ముందు నిలబడి ఫొటోలు దిగారు. తర్వాత చిన్నోడితో గదిలో మూడు గంటలు కూర్చున్నారు. లోపలికి వెళ్ళేటప్పుడు నవ్వుతూ వెళ్ళిన చిన్నోడు వచ్చేటప్పుడు కూడా నవ్వుతూనే వచ్చాడు. నవ్వు మాత్రం కాస్త పక్కకి జరిగింది.

గురువారం మధ్యాహ్నం చిరునవ్వు పెయింటర్‌ని తన గదిలోకి పిలిచి, అద్దానికి తెర లాగింది.

"కుంచె, మీ పని ఎంత బాగుందో చెప్పలేను. అందరూ మీ గురించే."

ఆయన నిలబడే ఉన్నాడు.

"ఒక చిన్న మార్పు." ఒక కాగితం మడత విప్పి ఇచ్చింది. పెన్నుతో రాసిన పేర్లు. "వీటి మీద తెలుపు వెయ్యాలి. శనివారం, ఆదివారం. ఆఫీసులో ఎవరూ ఉండరు."

"తప్పు రాశానా?"

"అయ్యో, అదేం కాదు. ఈ పేర్లు ఇక అక్కర్లేదు. సోమవారం పొద్దున వాళ్ళకి చెప్తాం. అప్పటిదాకా మీకూ నాకూ చిన్నోడికీ తప్ప తెలియకూడదు. కంప్యూటర్‌లో పెడితే ఎవరి కంటైనా పడుతుందని కాగితం మీద రాశాను."

"నాకెందుకు చెప్పారు?"

"మీరు ఏ గ్రూపులోనూ లేరు కదా." ఆవిడ నవ్వింది. గోళ్ళు కొరికి కొరికి ఆవిడ వేళ్ళ చివర్లు ఎర్రబడి ఉన్నాయి. "పైగా మీరు మాట్లాడరు. మీలో నాకు నచ్చింది అదే."

ఆయన మెట్ల మీదకి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నాడు. పంతొమ్మిది పేర్లు. రెండోది సారీ. ఆరోది దుప్పటి. పదకొండోది బ్యాటరీ.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆయనకి వేరే సంగతేదీ గుర్తుకి రాలేదు. పంపు చప్పుడు ఒక్కటే గుర్తొచ్చింది. ఈ ఉద్యోగం దొరకక ముందు మేనల్లుడు పదకొండు నెలలు ఖాళీగా ఉన్నాడు. మొదటి రెండు నెలలు బాగానే ఉన్నాడు. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి, పంపు తిప్పి, గంటలకొద్దీ కూర్చునేవాడు. బకెట్టు నిండి పొర్లిపోయే చప్పుడు ముందుగదిలోకి వచ్చేది. ఒకరోజు పెయింటర్ వెళ్ళి తలుపు కొట్టాడు. "ఒరే," అన్నాడు. "బతికే ఉన్నాను మామయ్యా," అని లోపల్నుంచి వచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరు నీళ్ళు తిప్పినా ఆయన చెవులు అటే పోతాయి.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మేనల్లుడు హుషారుగా ఉన్నాడు. నెలరోజుల కిందట చిన్నోడి మీద ఏదో అలిగి ఇంకో కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. వాళ్ళు రమ్మన్నారు. చేపల కోల్డ్ స్టోరేజీలకి లెక్కల ప్రోగ్రాములు రాసే కంపెనీ. వస్తావో రావో శుక్రవారం పన్నెండింటిలోపు చెప్పమన్నారు.

"రేపు వద్దని చెప్పేస్తా," అన్నాడు. "అక్కడంతా సార్ సార్ అనుకుంటూ చస్తారు. గోడలకి సున్నం కూడా లేదు. ఇక్కడ నా పేరు గోడమీద ఉంది."

"గోడ అన్నం పెడుతుందా?" అంది వాడి భార్య. ఆమె మందుల షాపులో పని చేస్తుంది. పగలంతా నిలబడే ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చాక మాటలకి మొహమాటం ఉండదు.

పెయింటర్ జేబులోంచి కాగితం తీసి మేనల్లుడి కంచం పక్కన పెట్టాడు.

"ఏంటిది మామయ్యా?"

"చెరపమన్నారు. ఆదివారంలోపు."

మేనల్లుడు చదివాడు. పదకొండో పేరు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత నవ్వేశాడు.

"ఎవరిచ్చారు?"

"చిరునవ్వు."

"కాగితం మీదా? మా ఆఫీసులో టాయిలెట్‌లో తప్ప కాగితమే ఉండదు మామయ్యా. ఇందులో సారీ ఉంది చూడు. పోయిన నెలే ఆమెకి మంచి ఉద్యోగి అని కప్పు ఇచ్చారు. ఇది వేరే ఏదో. నువ్వు సరిగ్గా విని ఉండవు."

"విన్నాను."

"సోమవారం చెప్తారన్నారా?" అంది భార్య.

పెయింటర్ తల ఊపాడు.

"అయితే రేపు పన్నెండింటిలోపు ఆ చేపలవాళ్ళకి సరేనను," అంది ఆమె. "ఇక్కడ ఉంటే ఉంది, పోతే పోయింది. ఏది మంచిదో సోమవారం చూసుకోవచ్చు."

"అట్లా చేస్తే ద్రోహం."

"ఎవరికి?"

వాడు అన్నం కలిపాడు. "రేపు పొద్దున రింగులో అడుగుతాను. మా దగ్గర ఏదైనా అడగొచ్చు. దాపరికం ఉండదు. అడిగినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. అడిగి, అప్పుడు ఆ చేపలవాళ్ళకి ఫోన్ చేస్తాను."

"జేబు కొట్టేవాడిని పట్టుకుని నా జేబు కొడుతున్నావా బాబూ అని అడుగుతావా?"

"నీకు మా సంగతి తెలీదు."

"అడగొద్దురా," అన్నాడు పెయింటర్.

"ఎందుకు?"

ఆయన దగ్గర కారణం ఉంది. అడిగితే లేదంటారు, వీడు నమ్మేస్తాడు. గొంతుదాకా వచ్చింది కూడా. నలభై ఆరేళ్ళు ఇంకొకరి మాటలే రాసినవాడికి సొంత మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"అడగొద్దు," అన్నాడు మళ్ళీ.

మేనల్లుడు అడిగాడు.

శుక్రవారం రింగులో బంతి తిరిగి తిరిగి వాడి చేతికి వచ్చింది. నిన్న చేసింది చెప్పాడు, ఇవాళ చేసేది చెప్పాడు. "నాకు ఒక అడ్డం ఉంది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. బంతిని మాత్రం రెండు చేతులా పిసుకుతున్నాడు. "గోడ మీద కొన్ని పేర్లు తీసేస్తున్నారని విన్నాను. ఆ పేర్లవాళ్ళని సోమవారం పంపించేస్తారని కూడా విన్నాను. నిజమా?"

చిరునవ్వు పెయింటర్ వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"ముందు బ్యాటరీకి చప్పట్లు," అన్నాడు చిన్నోడు. "ఇది అడగడానికి ధైర్యం కావాలి. మన ఇంట్లో నాకు నచ్చేది ఇదే."

చప్పట్లు కొట్టారు.

"ఎవరి గురించీ ఏ నిర్ణయమూ జరగలేదు. కొన్ని పేర్లు గోడమీద కాస్త వంకరగా వచ్చాయి. వాటిని దిద్దమని కుంచెకి ఒక లిస్టు ఇచ్చాం. అంతే కదా కుంచె? బ్యాటరీ, బంతి ఆయనకి ఇవ్వు."

మేనల్లుడు బంతి విసిరాడు. పెయింటర్ ఈసారి పట్టుకున్నాడు.

ఒక్క అక్షరం కూడా వంకర లేదు. ముప్పై అడుగుల పొడుగునా ఒక్క వెంట్రుక వాసి తేడా లేదు. ఆ మాట అనకూడదని ఆయనకి తెలుసు. మాటిచ్చినట్టే లెక్క. ఎదురుగా దుప్పటి నిలబడ్డాడు, భుజాల మీద దుప్పటితో. పక్కన సారీ. మేనల్లుడు ఆయన కళ్ళలోకి చూస్తున్నాడు, దిద్దడమేనని చెప్పు అన్నట్టు.

"తెలుపు వెయ్యమన్నారు," అన్నాడు పెయింటర్. "దిద్దడం కాదు. చెరపడం. పంతొమ్మిది."

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాగితం రాత్రి కంచం పక్కనే ఉండిపోయింది.

చిన్నోడు దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మన కుంచెకి చెవులు కాస్త మందం," అన్నాడు ప్రేమగా. "తెలుపు అంటే అంచులు సరిచెయ్యడానికి. పాపం, చిరునవ్వు చెప్పింది ఆయనకి వేరేలా వినపడింది. అంతేనా? ఇంకేమైనా అడ్డం ఉందా?"

పెయింటర్ నోరు తెరిచాడు. అంతలో వెనక నుంచి ఎవరో ఆయన గొంతు పెట్టి, ఆయన పద్ధతిలోనే, "అడ్డం ఏం లేదు," అన్నారు.

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఊపిరి బిగబట్టి ఉన్నవాళ్ళు నవ్వే నవ్వు. దుప్పటి నవ్వాడు. సారీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పెయింటర్ మేనల్లుడి వైపు చూశాడు. వాడు కూడా నవ్వుతున్నాడు. అందరికన్నా గట్టిగా.

పన్నెండుకి పది నిమిషాల ముందు వాడు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. పెయింటర్ నిచ్చెన మీద నుంచి అద్దంలో చూశాడు. మాటలు వినపడలేదు. వాడు తల అడ్డంగా ఊపాడు, నవ్వాడు, ఇంకో చేత్తో గాలిలో నమస్కారంలాంటిది పెట్టాడు. ఫోను జేబులో వేసుకుని లోపలికొచ్చాడు. నిచ్చెన పక్కనుంచే వెళ్ళాడు. పైకి చూడలేదు.

ఆ రోజు సాయంత్రం చిరునవ్వు ఆయన దగ్గరికి వచ్చింది. ఈసారి మొహంలో నవ్వు లేదు. "మీరట్లా చెప్పి ఉండాల్సింది కాదు," అంది. "పోనీండి, ఎవరూ నమ్మలేదు. ఆదివారం సాయంత్రానికి ఆ పంతొమ్మిదీ పోవాలి. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, గోడంతటికీ ఫ్లెక్సీ అతికించేస్తాం. అరగంట పని."

గోడంతటికీ అంటే మిగతా తొంభై మూడు పేర్లు కూడా. నలభై ఆరేళ్ళ చెయ్యి కూడా.

"వేస్తాను," అన్నాడు.

ఇంట్లో ఆ రాత్రి ముగ్గురూ మూడు వైపులా తిన్నారు. "నా పరువు తీశావు మామయ్యా," అన్నాడు మేనల్లుడు. భార్య వాడి వైపు చూసి, లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. పెయింటర్ నీళ్ళ చప్పుడు విన్నాడు. ఆగిపోయాక తిన్నాడు.

శనివారం బయల్దేరుతుంటే వాడే మెత్తబడ్డాడు. "ఎట్లాగూ దిద్దడానికి వెళ్తున్నావుగా. నా పేరు ఇంకాస్త లావు చెయ్యి. దూరం నుంచి సన్నంగా ఉందంటున్నారు."

పెయింటర్ వాడి వైపు చూశాడు. "ఒరే," అన్నాడు.

"ఊఁ?"

"నా మాట నమ్మరా."

"సాయంత్రం కాస్త తొందరగా రా," అన్నాడు మేనల్లుడు. "వంట నేను చేస్తాను."

ఖాళీ ఆఫీసులో ఆయన రెండు రోజులు పని చేశాడు. ఒక కోటు వేస్తే ఎరుపు గులాబీ రంగై తేలింది. ఆరాక రెండో కోటు వేశాడు. సారీ పోయింది. దుప్పటి పోయింది. ఒక్కో పేరు మీద తెలుపు లాగుతుంటే ఆ మనిషి నడక, కాఫీ కప్పు, నవ్వే తీరు గుర్తొచ్చేవి. ఆదివారం మూడింటికల్లా పద్దెనిమిది పోయాయి. లిస్టులో పదకొండోది, బ్యాటరీ, ఒక్కటే మిగిలింది.

దాని ముందు నిలబడ్డాడు. కుంచె తెలుపులో ముంచాడు. తీశాడు. కారిపోతుంటే డబ్బా అంచుకి గీకాడు. మళ్ళీ ముంచాడు. లావు చెయ్యమన్న మాట చెవిలో ఉంది. ఎరుపు డబ్బా మూత కూడా ఒకసారి తీసి, మళ్ళీ పెట్టేశాడు. పేరు గోడమీద ఉంటే వాళ్ళు మనిషిని మర్చిపోతారేమో అనుకున్నాడు. లిస్టులో ఒకటి తప్పిపోయినట్టు, ఎవరూ చూసుకోనట్టు. తెలివితక్కువ ఆలోచన. తెలివితక్కువదని ఆయనకీ తెలుసు. అయినా కుంచె కడుక్కుని, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం మేనల్లుడు ఎప్పటికన్నా ముందే స్కూటర్ మీద వెళ్ళాడు. ఇద్దరూ కలిసి వెళ్ళకూడదు కాబట్టి పెయింటర్ బస్సులో వెళ్ళాడు. డబ్బాలూ, కుంచెలూ, నిచ్చెనా తెచ్చుకోవాలి.

బస్సు దిగేసరికి ఆఫీసు మెట్ల ముందు గుంపు ఉంది. దుప్పటి ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. దుప్పటి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. సారీ ఎవరికో ఫోనులో సారీ చెబుతోంది. లోపలికి వెళ్ళడానికి మెళ్ళో వేసుకునే కార్డు అక్కడ ఎవరికీ పని చెయ్యలేదు. పెట్టిన ప్రతిసారీ ఎర్ర దీపం వెలిగింది. ఫోనుల్లోంచి గ్రూపులు కూడా మాయమయ్యాయట. అద్దంలోంచి గోడ కనపడుతోంది. పద్దెనిమిది చోట్ల తెల్లటి మచ్చలు. వాళ్ళవాళ్ళ మచ్చలు చూసుకున్నవాళ్ళు ఇంకేమీ అడగలేదు.

తలుపు దగ్గర మేనల్లుడు ఒక్కడే నిలబడ్డాడు. కార్డు పెడుతున్నాడు, తీస్తున్నాడు, చొక్కాకి తుడిచి మళ్ళీ పెడుతున్నాడు.

"సిస్టమ్ నెమ్మదిగా ఉన్నట్టుంది," అంటున్నాడు వాచ్‌మన్‌తో. "చూడు, నా పేరు ఉంది. అదిగో, ఎదురుగా. కనపడుతోందా? వీళ్ళవి లేవు, నాది ఉంది. నా సంగతి వేరు. లోపలికి ఫోన్ చేసి చెప్పు, బ్యాటరీ బయట ఉన్నాడని."

"చేశాను సార్," అన్నాడు వాచ్‌మన్. అక్కడ సార్ అన్న మాట పెయింటర్ వినడం అదే మొదటిసారి. "ఎవరూ ఎత్తట్లేదు."

"మళ్ళీ చెయ్యి. కార్డు పాడైందని చెప్పు." వెనక్కి తిరిగి మెట్ల మీద ఉన్నవాళ్ళతో అన్నాడు, "మీరు వెళ్ళండి. నేను లోపలికి వెళ్ళాక మీ గురించి మాట్లాడతాను."

సారీ జాలిగా చూసింది. ఆమె కూడా గోడ మీద ఆ ఒక్క పేరు చూసింది. అది ఎట్లా మిగిలిందో ఆమెకి తెలియదు.

ముప్పావుగంట నుంచీ అట్లాగే నిలబడ్డాడని దుప్పటి చెప్పాడు. మిగతావాళ్ళు పావుగంటలో అర్థం చేసుకున్నారట.

పెయింటర్ మెట్లెక్కాడు. మేనల్లుడు ఆయన్ని చూశాడు. మొహం వెలిగింది.

"కుంచె, నువ్వే చెప్పు వీళ్ళకి. నా పేరు ఉంచమన్నారనేగా వదిలేశావు? దిద్దడానికే కదా?"

ఏం చెప్పినా వాడు వినడు. గురువారం వినలేదు, శుక్రవారం వినలేదు, శనివారం వినలేదు. కాగితం చూపిస్తే నవ్వాడు. ఈ గోడ మీద పేరున్నంతసేపూ వాడు ఇక్కడే నిలబడతాడు. మధ్యాహ్నం దాకా. సాయంత్రం దాకా. చిన్నోడు కిటికీలోంచి చూసి తెర లాగేసుకునేదాకా.

పెయింటర్ జేబులోంచి తన కార్డు తీశాడు. పనివాళ్ళకి నెలాఖరు దాకా ఇచ్చే కార్డు. పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది. మేనల్లుడు వెంట రాబోయాడు, వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపు మూసుకుంది.

హాల్లో రింగు జరుగుతోంది. తక్కువమంది కాబట్టి రింగు చిన్నదైంది. బంతి ఎవరి చేతిలో ఉందో ఆయన చూడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి తెలుపు డబ్బా మూత తీశాడు. పుల్లతో కలిపాడు. మీగడ కట్టింది. తీసి పక్కన పెట్టాడు. వెడల్పు కుంచె ముంచి, అంచుకి గీకి, వెనక్కి తిరిగి చూశాడు.

అద్దానికి అవతల మేనల్లుడు రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు. నోరు కదిలింది. మామయ్యా అన్నట్టుంది. అద్దం మందంగా ఉంది, వినపడలేదు.

పెయింటర్ ఎడమ పక్క నుంచి మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, మళ్ళీ అడ్డంగా, అక్షరం తర్వాత అక్షరం. చెయ్యి కింద కర్ర ఆనించుకున్నాడు. పని పాడుచెయ్యడం ఆయనకి చేతకాదు.

మొదటి కోటుకి ఎరుపు చావలేదు. తెలుపు అడుగు నుంచి పేరు ఇంకా చదవడానికి వస్తోంది. ఆరేదాకా ఆగాలి, అప్పుడు రెండోది వెయ్యాలి. కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి, గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు.

అద్దానికి అవతల వాడు కూడా మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఆరేదాకా ఆగారు.